చీమలు ముట్టని నెత్తురు

ఆదోని నుంచి హొళగుంద వైపు పోయే దారిలో మా చేను ఉంది. చేను చివర ఒక నల్లరాతి గుండు, మా ఇంటికి అదే తల్లి. తొలకరి పడ్డాక, పత్తి విత్తే ముందు, ఎండ నడినెత్తికి వచ్చే వేళ మా ఇంటి మగవాళ్లలో ఒకరు ఆ గుండు మీద కొన్ని బొట్ల నెత్తురు వదలాలి. దేవరగట్టులో దసరాకు కర్రల కొట్లాటలో కారే నెత్తురు లాంటిది కాదు మాది. ముల్లు గీసుకుంటే వచ్చేంత, అంతే. రాతి పగులులోంచి చీమలు వచ్చి దాన్ని పట్టుకుంటే తల్లి అందుకున్నట్టు. ఆ తర్వాతే మొదటి విత్తనం నేలలో పడుతుంది.

నాయన పోయాక ఆ పని అన్నకు వచ్చింది. కొన్నేళ్లకు ఆయన గుండెలో కవాటం పాడైతే కర్నూలులో లోహపుది వేశారు. లోహం మీద నెత్తురు గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర మింగాలి. మింగినన్నాళ్లూ గాయం కాకూడదు, అయితే నెత్తురు ఒకపట్టాన ఆగదు. ఎదురుగా కూర్చుంటే ఆయన రొమ్ములో టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. “మీ అన్నకు గడియారం బిగించి పంపినారప్పా” అని వదిన నవ్వేది. ఆమె ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగింది. పుట్టింట్లో మగ్గం ఆగితే మెలకువ వచ్చేదట, ఇక్కడ ఈ చప్పుడు వినిపిస్తేనే నిద్ర పడుతుందట.

అలా పోయినేడు నా వంతు వచ్చింది.

నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పని చేస్తాను. ముందురోజు సాయంత్రం అన్న నన్ను ఆటపట్టించాడు.

“ఏమిరా, నెత్తురు గూడా ఫ్యాక్టరీలో చేస్తాండారంట?”

“నెత్తురు కాదన్నా, అందులో ఉండే హీమోగ్లోబిన్. నాలుగు గొలుసులు ఒక ముద్దగా చుట్టుకొని ఉంటాయి. ఒక్కోదాంట్లో రవ్వంత ఇనుము. ఊపిరిని పట్టుకొని ఒళ్లంతా మోసేది ఆ ఇనుమే. ఎర్రకణమనే సంచిలో ఉన్నంతసేపు నాలుగూ కలిసుంటాయి. సంచి బయట రెండు ముక్కలై మూత్రపిండాలను చెరుపుతాయి. అందుకని మేము జన్యువును మార్చి, రెండు గొలుసుల మధ్య చిన్న వంతెన వేసి, సూక్ష్మజీవుల చేత దాన్ని తయారు చేయిస్తాం. ఇంక విడిపోదు.”

“అయితే ఎవురికైనా ఎక్కియ్యొచ్చునా?”

“ఇంకా లేదన్నా. నెత్తురు పారే నరాలను వదులుగా ఉంచే వాయువు ఒకటుంది. సంచి లేకపోతే ఇది దాన్ని కూడా లాగేసుకుంటుంది. నరాలు బిగుసుకుపోతాయి.”

“ఇల్లు ఇడిసిపోయినోని మాదిరి అన్నమాట. యాడికి పోయినా తంటానే” అని అన్న నన్ను చూసి కన్ను గీటాడు. నేనూ నవ్వాను.

ఆ నవ్వే వేళకు నా సంచిలో, చల్లటి ఫ్లాస్కులో, ఆ ఎర్రటి ద్రవం ఒక చిన్న సీసాడు ఉంది. ప్రయోగం అయిపోయాక పారేయాల్సినది, ఎవరికీ చెప్పకుండా తెచ్చాను. కత్తికి భయపడ్డానంటే అది సగం నిజమే. ఇంత చదివి ఒక రాతికి నెత్తురివ్వడం నాకు నామోషీ. అది అన్నతో చెప్పే ధైర్యం లేదు. హీమోగ్లోబిన్ మనిషిదే కదా, రాతికి తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నా వదినా నేనూ గుండు దగ్గరికి పోయాం. గాలి లేదు, పిట్ట అరుపు లేదు. అన్న రొమ్ములోని చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. పత్తి మూటల తాళ్లు కోసే కత్తిని ఆయన నా చేతికిచ్చాడు. నేను వాళ్లకు వీపు పెట్టి, కోసుకున్నట్టు మూలిగి, అరచేతిలో దాచిన సీసాను రాతి మీద వంచాను.

అది గడ్డకట్టలేదు. గడ్డకట్టడానికి కావలసినవేవీ అందులో లేవని నాకు తెలుసు. తెలిసీ, అంత ఎండలో అది తడి ఆరకుండా వాలు వెంట మెల్లగా కిందికి పాకుతుంటే ఒక అడుగు వెనక్కి వేశాను. పగులులోంచి చీమలు బారుగా వచ్చాయి. అంచు దాకా వచ్చి ఆగాయి. మీసాలు కదిలించాయి. ఒక్కటీ ముట్టలేదు. దాని చుట్టూ తిరిగి, వచ్చిన దారినే పగులులోకి దిగిపోయాయి.

అన్న వంగి పగులు వైపు చూశాడు.

“అబ్బీ, నీ నెత్తురే గదా?” అన్నాడు అన్న.

“నాదే” అన్నాను.

ఆయన కత్తి తీసుకున్నాడు. నిజం ఒక్కమాట చెప్పి ఉంటే ఆ చెయ్యి ఆగేది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన ముంజేతి నుంచి మొదటి బొట్టు రాలగానే చీమలు వచ్చాయి. రాతి మీద అవి నెత్తురు పట్టుకుంటున్నాయి, అన్న చేతి మీద అది ఆగడం లేదు. వదిన పుట్టింటి నేత తువ్వాలు గట్టిగా చుట్టింది. ఆటోలో ఆదోని ఆసుపత్రికి చేరేసరికి తువ్వాలు పిండితే కారేలా ఉంది. సూది వేసి, కుట్లు వేసి ఆపారు.

మంచం మీద అన్న నన్నే ఓదార్చాడు. “నీ నెత్తురు తల్లికి పట్టల్యా. దానికి నువ్వేం చేస్తావు? ఇంగ నేను ఉన్నన్నాళ్లూ నేనే ఇస్తా.” అప్పుడూ నేను నోరు తెరవలేదు.

ఈ ఏడు తొలకరి పడకముందే వదిన ఫోన్ చేసింది.

“అప్పా, మీ అన్న మాత్రలు మింగేది మానేసినాడు. పోయినేడు మాదిరి నెత్తురు ఆక్కుండా పోతాదని. సెప్తే ఇనడు. ఆ సప్పుడు గూడా మెత్తబడినట్టుంది. గుడ్డలో సుట్టిన గడియారం మాదిరి ఇనపడతాంది.”

ఆ మెత్తదనం ఏమిటో నాకు అర్థమైంది. లోహం మీద గడ్డ కడుతోంది. ఆ గడ్డ నా అబద్ధం మీద కట్టినది. దొరికిన బస్సెక్కాను.

అన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. దగ్గరికి పోయి చెవి ఒగ్గితే తప్ప చప్పుడు లేదు. కూర్చోకుండానే అంతా చెప్పాను. సీసా, ఫ్లాస్కు, మూలుగు, “నాదే” అన్న మాట. ఆయన నా మొహం వైపు చూడలేదు.

“సీమలకు తెలిసె. నాకే తెలకపాయ” అన్నాడు చివరికి. “ఇంట్లోవాళ్లని గూడా మోసం చేసినావు గదరా” అన్నాడు. అయినా లేచి చొక్కా వేసుకున్నాడు. ఆ పూటే కర్నూలు పోయాం. గడ్డ కరగడానికి మందులు ఎక్కించారు. మూడో రాత్రి వదిన ఆయన రొమ్ము మీద చెవి పెట్టి, నావైపు తిరిగి, చప్పుడు వినిపిస్తోందన్నట్టు తల ఊపింది.

ఊళ్లో అందరికన్నా ఆలస్యంగా విత్తడానికి పోయాం. గుండు మీద పోయినేడు నేను పోసినది వానలకు పోలేదు, గోధుమరంగు మరకై రాతిలో ఇంకిపోయి ఉంది. ఈసారి వాళ్లు చూస్తుండగా ముంజేతిని కోసుకున్నాను. మంట పుట్టింది. బొట్లు రాలి, చూస్తుండగానే చిక్కబడ్డాయి. అన్న ఎండకు కళ్లు మూసుకొని పక్కన కూర్చున్నాడు. ఆయన రొమ్ములో చప్పుడు స్పష్టంగా ఉంది.

“వచ్చినాయా?” అన్నాడు కళ్లు తెరవకుండా.

వచ్చాయని మాత్రం చెప్పి ఊరుకోవచ్చు. చూసినదంతా చెప్పాను.

“వచ్చినాయన్నా. కానీ తిన్నగా రావడంల్యా. పోయినేటి మరకను ముట్టకుండా, దూరంగా చుట్టి వస్తాండాయి.”