కారు కింద అద్దం

మా ఆయనకి అసూయ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది అసలు సిసలు కడుపుమంట. అదీ పరాయివాడి మీద కాదు, సొంత తోడల్లుడి మీద.

మా షెడ్డులో ముగ్గురం పనిచేస్తాం. సొట్టలు తీసి, తుప్పు కోసి, రేకు అతికేది మా ఆయన. పైన రంగు కొట్టేది మా మరిది, అంటే మా చెల్లెలి మొగుడు. సీట్లు కుట్టేది నేను. మా ఆయన బతుకులో సగం బండ్ల కిందే గడిచింది. పైకి చూస్తే అందరికీ ఆకాశం, ఆయనకి సైలెన్సరు. పని అయ్యాక జనం మెచ్చుకునేది మాత్రం రంగుని. "సొమ్మొకడిది, సోకొకడిది" అని గొణుగుతూనే ఉంటాడు. నేనూ తక్కువ తినలేదు లెండి. మా చెల్లెలు మొగుడి పక్కన నిలబడి ప్రతి కారుతోనూ ఫోటో దిగుతుంటే నాకూ ఒళ్ళు మండుతుంది. సీట్లు ఎవరు కుట్టారో ఏ ఫోటోకైనా పట్టిందా?

ఆ మధ్య ఒక లెక్కల టీచరమ్మ వాళ్ళ నాన్న నడిపిన పాత కారు తెచ్చింది. గుండ్రటి లైట్లు, ఉబ్బిన బానెట్టు. గుంతలో దిగి రాయి మీద కూర్చుందట. ఎత్తి చూస్తే అడుగు రేకు చీలి, లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఎవడో ఎప్పుడో పూసిన తారు గోకితే తుప్పు పొట్టులా రాలింది. డ్రైవరు కాళ్ళు పెట్టే చోట రోడ్డు కనబడుతోంది.

"ఓ రేకు ముక్క కొట్టి పడెయ్యి అన్నయ్యా, కింద ఎవరు చూడొచ్చారు?" అన్నాడు మా మరిది.

అంతే, మా ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. కుళ్ళిన మేరంతా కోసేశాడు. పాత రేకు మీద గాడులు ఎలా వంపు తిరిగాయో కొత్త రేకు మీదా అలాగే సుత్తితో తీశాడు. ఒకే చోట వెల్డింగు పెడితే వేడికి రేకు మెలిపడుతుందని అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పెట్టి, చల్లారాక మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి అతుకు అరగదీసి, చుట్టూ ఉన్న పాత రేకునీ తెల్లగా తోమాడు. అన్నానికి పిలిస్తే కారు కింద నుంచి కాళ్ళు కదిలేవి, అదే జవాబు.

దాని మీద నల్లపూత వేస్తేనే మళ్ళీ తుప్పు పట్టదు. ఆ పూత పని మరిదిది. మా ఆయన డబ్బా మూత తీయనివ్వలేదు.

"టీచరమ్మ చూశాకే వెయ్యాలి. ఒక్క మనిషైనా నా పని చూడాలి" అన్నాడు. మబ్బు పట్టినా పంతం వదల్లేదు.

కారు ఇచ్చే రోజు వచ్చింది. టీచరమ్మకి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు. అందుకని మా ఆయన నా డ్రెస్సింగ్ టేబులు అద్దం ఊడదీసుకుపోయాడు. పొద్దున్నే తల దువ్వుకుందామని కూర్చుంటే ఎదురుగా గోడ ఉంది!

టీచరమ్మ కారు చుట్టూ తిరిగింది. బానెట్టు నిమిరింది. "అద్దంలా మెరుస్తోంది నాయనా" అంది మా మరిదితో. ఫోటో కోసం తెల్ల చొక్కా వేసుకొచ్చిన మరిది చేతులు కట్టుకుని నవ్వాడు. మా చెల్లెలు ఫోను తీసింది. మా ఆయన కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. గబగబా నా అద్దాన్ని కారు కిందకి తోసి, లైటు పట్టుకుని, "అమ్మగారూ, ఒక్కసారి ఇటు చూడండి" అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అద్దంలోకి చూసింది. చాలాసేపే చూసింది.

"అయ్యో, ఇక్కడ రంగు వెయ్యడం మర్చిపోయారేంటి బాబూ?" అంది.

మా ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. మా చెల్లెలు కిసుక్కున నవ్వింది. దాని నోరు కుట్టెయ్యాలనిపించింది. సూది నా చేతిలోనే ఉంది.

మరిది మాత్రం నవ్వలేదు. వంగి అద్దంలోకి చూశాడు. నల్లపూత డబ్బా అందుకుని, ఆ తెల్ల చొక్కాతోనే కారు కింద దూరాడు. రేకు మీద చెయ్యి పాముతున్న చప్పుడు వినిపించింది.

"అన్నయ్యా, అతుకు మీద రెండు పూతలు పడాలి. ఎక్కడుంది అతుకు?"

"నీ కళ్ళెదురుగానే ఉంది, చూసుకో."

"ఇందాకట్నించీ తడుముతున్నా. దొరకట్లేదు. వచ్చి చూపించు."

మా ఆయన వెళ్ళి పక్కన పడుకున్నాడు. అద్దంలో ఇద్దరి తలలూ కనబడ్డాయి నాకు. మా ఆయన వేలు రేకు మీద మెల్లగా పాకుతుంటే దాని వెనకే మరిది బ్రష్షు వెళ్ళింది. చూస్తుండగానే రేకంతా నల్లబడిపోయింది. ఇక దాన్ని ఎవరికీ చూపించలేం.

ఇంటికొచ్చి అద్దం బిగిస్తుంటే అడిగాను: "రోజూ పనిలో ఉండేవాడికే దొరకలేదు నీ అతుకు. ఇప్పటికైనా చల్లారిందా కడుపు?"

మా ఆయన స్క్రూ గట్టిగా తిప్పాడు.

"ఎక్కడ చల్లారుతుంది? వెల్లకిలా పడుకుని వేశాడే, ఆ తెల్ల చొక్కా మీద ఒక్క బొట్టు కారలేదు వెధవకి!"