ఊఁ ఆగిన చోట

మా మేడమీద కిరాయికి ఉండే మేడం కథల పుస్తకాల మీద పత్రికకు వ్యాసాలు రాస్తుంది. కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. శంషాబాద్‌కు వచ్చిన కొత్తలో నన్ను అక్కా అని పిలిచింది. ఆ పిలుపు వద్దన్నాను. ఎందుకని అడగలేదు. మర్నాటి నుంచి వదినగారూ అంది.

నిరుడు చలికాలం ఆవిడ కళ్ళకు ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని కూర్చోవాలి, కొన్నాళ్ళు చదవకూడదు. పత్రికవాళ్ళకు ఒప్పుకున్న వ్యాసం అలాగే ఉండిపోయింది. కొత్తగా వచ్చిన ఒక నవల మీద అది. రాసినావిడది చిన్న వయసేనట. నన్ను చదివి పెట్టమంది.

"నాది నాలుగో తరగతి మేడం. కూడబలుక్కుంట చదువుతా. మీకే పరేషాన్."

"నాకేం తొందర లేదండీ. మీ గొంతులో కథ బాగుంటుంది."

మాపటి వంట మొదలుపెట్టే ముందు పైకి వెళ్ళేదాన్ని. ఆవిడ వరండాలోంచి చూస్తే విమానాశ్రయం గోడ కనిపిస్తుంది. ఆ గోడకు అవతలే ఎక్కడో మా మెట్ట చెల్క ఉంది, ఇప్పుడు ఏ చోటో చెప్పలేను. విమానం లేచినప్పుడల్లా చదవడం ఆపి, చప్పుడు పోయాక మళ్ళీ అందుకోవాలి.

నాకు గడగడా చదవడం రాదు. అందుకని ఒక ముక్క పెదవులతో మెల్లగా చదువుకుని, తల ఎత్తి ఆవిడకు చెప్పేదాన్ని. పుస్తకంలో ఉన్న మాటలే చెబుతున్నాననుకున్నాను. ఇంకో సంగతి కూడా మొదటిరోజే చెప్పాను. మా ఇంట్లో కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి, లేకపోతే నాకు నోరు సాగదు. ఆవిడ నవ్వి, వాళ్ళ అమ్మమ్మ కూడా అంతేనంది. ఇక ఊఁ కొడుతూనే విన్నది.

నవలలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, కథ చెప్పేది చెల్లెలు. ఊరి పేరు చెప్పదు. భూములు పోయాయంటుంది, ఎట్లా పోయాయో చెప్పదు. ఒక పేజీలో చెల్లెలు లంగా కట్టుకున్న పిల్ల, పేజీ తిప్పితే పట్నంలో అపార్ట్‌మెంట్‌లో తల నెరిసిన మనిషి. మా కథలు ఎత్తుకున్న చోటి నుంచి దించే చోటికి తిన్నగా పోతాయి. నాకు విసుగొచ్చింది.

"గిదేంది మేడం? ఈమె కథ చెప్తున్నదా, దాస్తున్నదా?"

"రెండూనండీ. ఇప్పటివాళ్ళు చాలామంది జరిగిన వరసలో రాయడం లేదు. మనసుకు తట్టిన వరసలో రాస్తున్నారు. చెప్పలేనిది ఏదో ఉంటే దాని చుట్టూనే తిరుగుతారు."

ఆ మాట కిందికి దిగాక కూడా నన్ను వదల్లేదు. బియ్యం ఏరుతూ ఆలోచించాను. పోయినవాళ్ళు ఎవరికైనా వరసలో గుర్తొస్తారా? ముందు వాళ్ళ మడమలు గుర్తొస్తాయి, తర్వాత నవ్వు, ఎప్పుడో పేరు.

ఇలా చదువుతూ పోతే నవలలో అక్కకు జ్వరం వచ్చింది. చెల్లెలు పక్కన కూర్చుంది. ఆ ముక్క చదువుకుని, తల ఎత్తి చెప్పాను. మేడం మళ్ళీ చెప్పమంది. ఈసారి ఫోనులో నా గొంతు రికార్డు చేసుకుంది.

"అక్క ఊఁ అనడం ఆగింది. నిద్రపోయిందనుకుని గొంగడి భుజాల దాకా కప్పి, పక్కనే పడుకున్నాను."

నవలంతా ఈ గొంగడి కిందే ఉందంది మేడం. చావు అన్న మాట లేదు, ఏడుపు లేదు, శైలి అంటే ఇదీ అంది. ఊరు పోవడం, భూమి పోవడం అన్నీ ఆ పిల్ల అక్కను నిద్రపోయిందనుకోవడం లాంటివేనట. పోయాయని ఎవరూ గుర్తుపట్టరు, కప్పి పడుకుంటారు. వ్యాసమంతా ఆ మాట మీదే నిలబెడతానంది. నేను పుస్తకం మూసి కిందికి వచ్చాను. 

ఆనాటి నుంచి మా ఇంట్లో ఊఁ వినిపించడం మొదలైంది. గిన్నెలు తోముతూ నాలో నేనేదో అనుకుంటే, వెనక నుంచి ఊఁ. విమానం చప్పుడు సన్నబడి ఆగిపోయే చోట, ఊఁ. మా ఆయన విమానాశ్రయానికి కారు నడుపుతాడు, పగలంతా ఇంట్లో ఉండడు. ఎవరు కొడతారు ఊఁ? అగరుబత్తి వెలిగించి చూశాను. తగ్గలేదు.

మేడం కళ్ళు బాగయ్యాయి, కొత్త అద్దాలు వచ్చాయి. వ్యాసం పంపే ముందు ఆ మాటను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయాలని వెతికిందట. దొరకలేదు. నన్ను పిలిచి ఏ పేజీ అని అడిగింది. గుర్తుంది, తీసి ఇచ్చాను.

పేజీలో "జ్వరం తగ్గలేదు" అని ఉంది. దాని కింద నాలుగు వేళ్ళ వెడల్పున తెల్ల కాగితం. ఆ కింద "తెల్లవారింది. వాకిట్లో ఎవరో నీళ్ళు చల్లుతున్నారు" అని ఉంది. మధ్యలో ఏమీ లేదు. గొంగడి లేదు, ఊఁ లేదు. ఆవిడ ఫోను పెట్టి వినిపించింది. నా గొంతే, ఎక్కడా తడబడలేదు.

మేడం ఫోను ఆపింది. మీరు కల్పించారా అని నెమ్మదిగా అడిగింది.

"కల్పియ్యలే మేడం. గది మా అక్క."

అప్పుడు చెప్పాను. ఇద్దరం ఒకే గొంగడి కింద పడుకునేవాళ్ళం. చిన్నదాన్నయినా కథ చెప్పేది నేను, ఊఁ కొట్టేది అక్క. ఊఁ ఆగిందంటే నిద్రపోయినట్టు, నేనూ ఆపేసేదాన్ని. జ్వరం నాడు నక్క పెండ్లికి పోయే మేక కథ అడిగింది. మేక వాగు ఒడ్డుకు వచ్చేసరికి ఊఁ ఆగింది. నేను గొంగడి కప్పాను. పొద్దున అమ్మ వచ్చి అక్కను తట్టింది.

అక్కను మా చెల్క గట్టునే పెట్టారు. విమానాశ్రయానికి భూములు పోతున్నప్పుడు బాపు తవ్వి తెచ్చి ఇంకోచోట పెడదామన్నాడు. అమ్మ అడ్డం నిలబడి ఒక్కటే మాట అన్నది. "పండుకున్నదాన్ని లేపొద్దు." అప్పటి నుంచి మా ఇంట్లో అక్క మాట ఎత్తినవాళ్ళు లేరు. మనవలకు ఎన్ని కథలు చెప్పినా మేక కథ నేను చెప్పలేదు.

మేడం విన్నది. తర్వాత నా ఎదురుగానే వ్యాసంలో ఆ ముక్క కొట్టేసింది. చేయవలసిన పనే. అది ఆ రాసినావిడ పుస్తకం, మా అక్కది కాదు. అయినా గోడ అవతలికి అక్కను ఇంకోసారి పంపినట్టయింది నాకు.

ఆవిడ ఆ తెల్ల జాగా మీద వేలు పెట్టి ఉంచింది. "రాసినావిడకు ఇక్కడ ఏం జరిగిందో తెలుసండీ. తెలిసే వదిలేసింది. ఖాళీ ఉంది కాబట్టే మీ అక్క వచ్చి కూర్చుంది. ఇంకొకరు చదివితే వాళ్ళవాళ్ళు వస్తారు. నేను రాయాల్సింది దీని గురించి."

"రాయండ్రి మేడం. కానీ అమ్మ లేపొద్దన్నది, నేను లేపిన. ఇంట్ల ఊఁ ఇనబడుతున్నది. ఇగ మళ్ల ఎట్ల పండుకోబెట్టాలె?"

మేడం, చిన్నప్పుడు ఎలా పడుకోబెట్టేవారని అడిగింది. కథ చెప్పి అన్నాను. ఆ కథ పూర్తయిందా అంది. లేదు, మేక ఇంకా ఒడ్డునే ఉంది.

"అయితే చెప్పండి. నేను ఊఁ కొడతాను."

పొద్దు గోడ మీదికి వాలింది. మొదటి నుంచీ ఎత్తుకున్నాను. మేక గొర్రెను బతిమాలి మెడగంట అరువు తెచ్చుకుంది, ఊఁ. బంతిపూలు తినకుండా కొమ్ములకు చుట్టుకుంది, ఊఁ. కొండ దిగింది, ఊఁ. వాగు ఒడ్డుకు వచ్చింది.

అక్కడ నా నోరు ఆగింది. మేడం ఊఁ కూడా ఆగింది. చూస్తే కళ్ళు మూసి ఉన్నాయి, చేయి ఒళ్ళో వదిలేసి ఉంది. వంగి పిలిచాను.

"మేడం?"

"వింటున్నానండీ. వాగు ఎంత లోతు?"

ఎన్నడూ ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు. "మోకాలు దాకనే" అన్నాను.

విమానం ఒకటి లేచింది. ఈసారి ఆగలేదు, దాని చప్పుడులోనే చెబుతూ పోయాను. గంట తడవకుండా మెడ పైకెత్తి మేక నీళ్ళలో కాలు పెట్టింది. ఊఁ అని వినబడింది. మేడం పెదవులు కదిలాయో లేదో చూడలేదు. ఇంకో కాలు పెట్టించాను. అవతలి ఒడ్డు దగ్గరికి వచ్చేకొద్దీ ఊఁ సన్నబడుతూ వచ్చింది. ఈసారి అది ఆగాక కూడా నేను కథ ఆపలేదు.