కొమురయ్య కాక మీద కప్పని జెండా

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేక, కక్కలేక అలాగే తిరుగుతున్నాను. మొదట్లో బరువనిపించేది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు, అందుకే భయమేసి మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. గోదావరిఖనిలో మా పార్టీకి పట్టణ కార్యదర్శిని, అంత చాలు.

అప్పట్లో మా పార్టీలో రెండు గ్రూపులు. ఒకటి సదానందం అన్నది, ఇంకొకటి రాయలింగు అన్నది. ఒకరు వచ్చిన పెళ్లికి ఇంకొకరు వచ్చేవారు కాదు. మున్సిపల్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఇద్దరినీ ఒక్కటి చేసే పని పైవాళ్లు నాకు అప్పగించారు. చేతకాకపోతే పదవి వదిలేయమన్నారు. ఇద్దరి ఇళ్ల చుట్టూ తిరిగాను, బతిమాలాను. ఛాయ్ తాగి తాగి కడుపు మండిందే తప్ప పని కాలేదు.

గని గేటు ముందు మా జెండా గద్దె ఉండేది. దాన్ని కట్టింది కొమురయ్య కాక. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, ఏ గ్రూపూ కాదు. పనిలో ఉన్న రోజుల్లో డ్యూటీ దిగి వచ్చి, ఇసుక తానే మోసి కట్టాడట. మా దగ్గర పాత కార్యకర్త చనిపోతే శవం మీద పార్టీ జెండా కప్పుతారు. కాక ప్రతి చావుకూ వచ్చేవాడు. జెండా ముడతలు సరిచేసి, "రేపు నాకు గూడ గిట్లనే సక్కగ కప్పాలె" అని నవ్వేవాడు. ఆయన పార్టీని అడిగింది అదొక్కటే.

గద్దె మీద జెండా ఎవరు ఎగరేయాలన్న దగ్గర రెండు గ్రూపులకూ మళ్లీ తగువు పడింది. మీటింగులో కాక లేచి ఇద్దరినీ తిట్టాడు. మీ కొట్లాట చూస్తుంటే ఆ గద్దె లేకుంటేనే నయమనిపిస్తోందని విసురుగా వెళ్లిపోయాడు. ఇద్దరికీ మండింది.

మర్నాడు మధ్యాహ్నం వాన. నేను గేటు ఎదురుగా మూసి ఉన్న ఛాయ్ హోటల్ చూరు కింద నిలబడ్డాను. బూడిద మోసే లారీ ఒకటి వెనక్కి వస్తూ గద్దెను గుద్దింది. ఆ వానలో డ్రైవర్‌కు తెలిసిందో లేదో, ఆగకుండా పోయాడు. గద్దె కూలింది. చూసింది నేనొక్కణ్ణే.

సాయంత్రానికి రెండు గ్రూపులూ గేటు ముందు ఎదురెదురుగా నిలబడ్డాయి. మీరే కూలగొట్టారంటే మీరేనని. లారీ అని ఒక్క మాట అంటే కొట్లాట ఆగేది. ఎందుకు అనలేదు? పదవి పోతుందనా? లారీ అంటే ఎవరి ఇంటికి వాళ్లు పోతారు, మళ్లీ రెండు గ్రూపులే మిగులుతాయి, కానీ ఈ ఇద్దరికీ ఒకే మనిషి మీద కోపం ఉందని నాకు తట్టింది. ఆవేశంలో అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆలోచించే అన్నాను.

"కొమురయ్య కాక కూలగొట్టిండు. అవతలి పార్టీతోని కలిసిండు. నేను చూసిన."

కాక అక్కడే ఉన్నాడు. గుంపు వెనక వంగి, పగిలిన ఇటుకలు ఏరుతున్నాడు. లేచి నా దగ్గరికి వచ్చాడు.

"నేను గట్టిన గద్దె నేనెందుకు కూలగొడ్త బిడ్డా?"

"నాకేం ఎరుక కాక. చూసింది చెప్పిన."

"చూసినవా?"

"చూసిన."

నా మొహంలోకి చూశాడు. చేతిలోని ఇటుక కింద పెట్టి వెళ్లిపోయాడు.

కాకను పార్టీ నుంచి తీసేయాలని సదానందం అన్న అన్నాడు. తీసేయాల్సిందేనని రాయలింగు అన్న అన్నాడు. అక్కడే ఇద్దరూ అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకున్నారు. ఎన్నికల్లో గెలిచాం. నాకు శాలువా కప్పారు. ఐక్యత ఎట్లా సాధించావని శ్రీరాంపూర్ నుంచి కూడా పార్టీవాళ్లు వచ్చి అడిగారు. ఓపిక ఉండాలన్నాను. చప్పట్లు కొట్టారు.

కాక మళ్లీ గేటు వైపు రాలేదు. ఏ చావుకూ రాలేదు. మొన్న ఎండాకాలం చనిపోయాడు.

పార్టీ నుంచి నేనొక్కణ్ణే వెళ్లాను. సంచిలో జెండా పెట్టుకునే వెళ్లాను. శవం మీద తెల్లగుడ్డ ఉంది. కూతురు లక్ష్మి నన్ను చూసి లేచి వచ్చింది.

"అన్నా, జెండ తెచ్చినవా? ఇప్పుడన్న కప్పుతరా?"

కప్పితే ఎందుకు కప్పావని పార్టీలో అడుగుతారు. అడిగితే మొత్తం చెప్పాలి. సంచి భుజానికే ఉంది.

"తేలేదు చెల్లె," అన్నాను.

ఆమె తల ఊపి వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు. శ్మశానం దాకా నడిచాను. ఇంటికొచ్చి స్నానం చేశాను, అన్నం తిన్నాను.

ఇది లక్ష్మికి చెప్పాల్సింది, గేటు ముందు నిలబడి అందరికీ చెప్పాల్సింది. మీకు చెబుతున్నాను. ధైర్యం ఇంతే. చెప్పాక గొంతు కొంచెం తెరిపిన పడింది, అందుకూ సిగ్గుగానే ఉంది.

గద్దెను లారీ గుద్దింది. నేను చూశాను.