వెలుతురు నూకుతుందా

ఆ ఉదయం పాలాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. రోజూ గడప బయటే నిలబడి పాలు పోసి పోయే మనిషి. గుమ్మం దగ్గర విడిచిన ఆ చెప్పులనే చూస్తూ నిలబడ్డాను. "మొఘల్‌పురాల మాస్టర్ సాబ్ పోయిండమ్మా, తెల్లారంగనే," అన్నాడు. పాలు పోయడం మరిచిపోయి వెళ్లిపోయాడు. లోపల మా తాత టోపీ పెట్టుకుని, తీసేసి, మళ్లీ పెట్టుకున్నారు.

మాస్టర్ సాబ్ అంటే మా చిన్నతాత, తాతకు తమ్ముడు. మగపిల్లల బడిలో ఏళ్ల తరబడి సైన్సు చెప్పారు. వచ్చిపోయేవాళ్లకు చాయ్ అందిస్తూ, ఇన్ని రోజులుగా అవే మాటలు వింటున్నాను. గొప్పవారని అందరూ అంటున్నారు. విని విని అలసిపోయాను. నాకు గుర్తున్నది మాత్రం రాస్తాను.

ఆయన షేర్వానీ కుడి జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. సుద్దముక్కలు అందులోనే వేసుకునేవారు. బడిలో ఆయన సైన్సంతా ఉర్దూలో చెప్పేవారు. నేను కాన్వెంటులో ఇంగ్లీషులో చదివాను. సైన్సు గురించి ఇద్దరం తెలుగులో మాట్లాడుకోబోతే మాటలు దొరికేవి కావు. నేను మొదటినుంచీ తక్కువ మాట్లాడే మనిషిని. ఆయన 'దబావ్' అనేవారు. నాకు అర్థం కాకపోతే అరచేతిని అరచేత్తో నెట్టి చూపించేవారు. చాలాసార్లు అది చాలేది.

శుక్రవారం బడికి సెలవు. పత్తర్‌గట్టిలో మా బట్టల దుకాణం కూడా ఆ రోజు తెరిచేవారు కాదు. చిన్నతాత నడిచి వచ్చేవారు. వాకిట్లో చాప మీద అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారంటే వాదన మొదలైనట్టే. నేను వంటింటి తలుపు వెనక కూర్చుని వినేదాన్ని.

నా కాన్వెంటు చదువు అయిపోయిన ఏడు వాదన నా గురించే. ఇంక చాలన్నారు తాత. కాలేజీలో సైన్సు చదవాలన్నారు చిన్నతాత.

"గంత సైన్సు సదివి ఏం జేస్తదిరా?"

"వెలుతురు గూడ వస్తువులను నూకుతదని తెలుసుకుంటది అన్నా."

తాత పగలబడి నవ్వారు. "వెలుతురు నూకుతదా? గట్లయితే మన దుకాణంల చీరెలన్ని ఎండకు లేచి చార్మినార్ మీద ఆరేసుకోవాలె గద!"

"మస్తు సన్నగ నూకుతది. మనకు ఎర్క గాదు."

"బరువు లేనిది ఎట్ల నూకుతది?"

"బరువు లేకున్నా ఊపు ఉంటది."

"ఊపు లేదు, గీపు లేదు. నా కండ్లకు చూపెట్టు. చూపెడితే పిల్లను కాలేజీకి తోలుత, పో."

నవ్వుతూనే అన్నారు. కానీ తాత మాట ఇస్తే ఇచ్చినట్టే. తలుపు వెనక నేను ఇంకాస్త ముందుకు జరిగాను.

తర్వాతి శుక్రవారం చిన్నతాత తువ్వాలలో చుట్టి ఒక గాజుబుడ్డి తెచ్చారు. బడి అల్మారాలోది. లోపల సూదిమొన మీద నాలుగు చిన్న రేకులు. ఒక్కో రేకు ఒకవైపు నలుపు, ఒకవైపు వెండిలా మెరుపు. ఎండ పడేచోట పెట్టారు. రేకులు మెల్లగా కదిలి, గిర్రున తిరగసాగాయి.

"దాంట్ల దయ్యం గిన ఉన్నదా ఏంది?" అంది నానమ్మ.

తాత చాయ్ సాసరు చేతిలోనే ఉండిపోయింది. "తిరుగుతుందిరా తమ్మీ! నిజమే!" అని, నా తలుపు వైపు చూసి, "సరే, పిల్ల కాలేజీకి పోతది," అన్నారు.

అందరూ తినడానికి లేచారు. నేను బుడ్డి దగ్గర కూర్చున్నాను. కాన్వెంటు పుస్తకంలో చదివిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. నలుపు మీద పడ్డ వెలుతురు అక్కడే ఆగిపోతుంది. మెరుపు మీద పడ్డది తిరిగి ఎగురుతుంది, గోడకు కొట్టిన బంతిలా. తిరిగి ఎగిరేదే ఎక్కువగా నెడుతుంది. అంటే మెరిసే వైపు ఎక్కువ తోపు తగిలి రేకులు వెనక్కి పోవాలి. ఇక్కడ నల్లవైపు తోపు తగిలినట్టు వెనక్కి పోతున్నాయి. చాలాసేపు చూశాను. మారలేదు.

చిన్నతాత వెళ్తూ మెట్ల మీద జోళ్లు తొడుక్కుంటుంటే చెప్పాను. "చిన్నతాతా, ఇది ఉల్టా తిరుగుతుంది."

ఒక కాలికి జోడుతో అట్లాగే కూర్చుండిపోయారు. తువ్వాల విప్పి, బుడ్డిని మళ్లీ ఎండలో పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని చూశారు.

"లోపట జర గాలి మిగిలి ఉంటది," అన్నారు చివరికి. "నలుపు ఎండకు వేడెక్కుతది. నూకేది ఆ గాలి. వెలుతురు గాదు." బుడ్డిని నీడలోకి జరిపి, "ఏండ్ల సంది పిల్లలకు గిదే చూపెట్టిన. ఒక్కడు గూడ అడగలే. నన్ను నేను గూడ అడగలే," అన్నారు.

నా వైపు చూశారు. తాతకు చెబితే ఏం పోతుందో ఇద్దరికీ తెలుసు. నేను నేల చూశాను.

"తెలిసినంక దాస్తే, రేపు నువ్వు సదివేది గూడ గిట్లనే ఉంటది బిడ్డా," అని లేచి, ఒక కాలి జోడుతోనే ఇంట్లోకి నడిచారు. నానమ్మ లొల్లి పెట్టింది. ఆయనకు వినబడలేదు.

తాత అంతా విన్నారు. "అంటే ఓడిపోయినవ్."

"ఓడిపోయిన."

"పిల్ల ఇంట్లనే ఉంటది మరి."

"ఉంటది. వెలుతురు మాత్రం నూకుతది అన్నా."

ఆ ఏడు నేను ఇంట్లోనే ఉన్నాను. బియ్యం ఏరాను, మిరపకాయలు ఎండబెట్టాను, ఉన్న పుస్తకాలే మళ్లీ చదివాను. ఏడుపు రాలేదు. ఏదీ చేయాలనిపించేది కాదు, అంతే. చిన్నతాత మాత్రం బజారులో పాత విద్యార్థి ఎవరు కనిపించినా ఆపి, బుడ్డి సంగతి తాను తప్పు చెప్పానని చెప్పేవారు. ఒక అత్తరు దుకాణదారు పాపం ఏమీ అర్థం కాక, "కోయీ బాత్ నహీ మాస్టర్ సాబ్," అని ఓదార్చి, చేతికి కాస్త అత్తరు రాసి పంపాడట. ఆ శుక్రవారం చిన్నతాత వస్తే వాకిలంతా గులాబీ వాసన.

వాదన ఆగలేదు. తోకచుక్క తోక ఎటువైపు వాలుతుందో, దాన్ని సూర్యుడి వెలుతురు ఎట్లా నెడుతుందో చెప్పేవారు. "గంత దూరం పోయి ఎవడు చూసొచ్చిండు?" అనేవారు తాత. చలికాలం పోయింది, ఎండలు ముదిరాయి. చిన్నతాత ఎండలో నడిచి వచ్చి, చెంబెడు నీళ్లు తాగి, పోయిన శుక్రవారం ఆపిన చోటే మొదలుపెట్టేవారు.

ఒకరోజు తాత గోడకు ఒరిగి కళ్లు మూసుకున్నారు. "తమ్మీ, వెలుతురు సంగతి నాకు తెల్వదు. నీతోటి నాకు శాతనైతలేదు. పోనీ పిల్లను, సదువుకోనీ."

అట్లా చేరాను. చిన్నతాత గెలిచారని నేననుకోను. తాత అలసిపోయారు. కాలేజీలో చదివాక తెలిసింది, బుడ్డిలోని గాలిని ఇంకా ఎంతో తీసేసి, ఓపికగా కొలిచినవాళ్లు ఎప్పుడో ఉన్నారు. వెలుతురు నెడుతుంది. ఆ మాట చెబితే చిన్నతాత తల ఊపి, చాయ్ చల్లారుతోందన్నారు.

నిన్న పేపర్లో ఆయన గురించి నాలుగు వరుసలు పడ్డాయి. మా అత్త పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"నాయిన పేరు ఏడున్నది బిడ్డా?"

ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాను. చాలాసేపు తీయలేదు.

అత్త చిన్నతాతకు ఒక్కతే కూతురు. ఆమెను ఆయన బడికి పంపలేదు.