పంపు చూసి తిప్పన్న పెట్టిన కేక

పెనుకొండ మెకానిక్ తిప్పన్నకు ఉన్న జబ్బు ఒకటే, అదిరిపడటం. ఏ ఇంజను మూత తీసినా, లోపల ఏముందో చూడకముందే గుండె పట్టుకుని "అయ్యో నాయనో! సంపేసినారు గదప్పా!" అని కేక పెడతాడు. వీధి చివర టీకొట్లో గ్లాసులు కడిగేవాళ్ళు కూడా చేతులాపి ఇటు చూస్తారు. హిందూపురంలో నాకు స్పేర్ పార్టుల అంగడి ఉంది. ఫోన్‌లో ఆ కేక వినిపిస్తే, ఏదో పార్టు కావాలని అర్థం.

ఒకసారి మడకశిర పెద్దాయన ఒకరు ఆగిపోయిన స్కూటర్ తోసుకొచ్చాడు. తిప్పన్న ప్లగ్గు విప్పి, కేక పెట్టి, నేల మీద కూలబడ్డాడు. పెద్దాయనకు కళ్ళు తిరిగితే, పార్టు ఇవ్వడానికి వెళ్ళిన నేను సోడా తాగించాను. తీరా చూస్తే పెట్రోలు ట్యాపు మూసి ఉంది, అంతే! తిప్పన్న ఆ ట్యాపును, దాన్ని చేసినవాణ్ణి, నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాడు.

ఇలాంటి మనిషిని పడవ ఎక్కించే రోజొకటి వచ్చింది. ధర్మవరం దగ్గర ఒక చెరువులో చేపల సంఘం వాళ్ళ పడవను గౌరి నడుపుతుంది. ఆ ఏరియాలో ఇంజను పడవ నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. సంఘం ప్రెసిడెంటు ఓబుళప్పకు అది మొదటినుంచీ మింగుడు పడలేదు. ఇప్పుడు ఇంజను వేడెక్కితే ఆగిపోతోంది, మళ్ళీ స్టార్ట్ కావడం లేదు. "గౌరి చెడగొట్టిందని తేలితే పడవ మా బామ్మర్దికి ఇచ్చేస్తా" అని అందరి ముందూ చెప్పేశాడు. ఆ పడవే గౌరి ఇంటికి అన్నం. అది పోతే ఆమె గతేమిటో తలచుకుంటే నాకే భయమేసింది.

ఇంజను లక్షణాలు నేను చెప్పగానే తిప్పన్న ఫోన్‌లోనే కేక పెట్టాడు. "ఆనందూ, ఫ్యూయల్ పంపు అరిగిపోయుండాది. ఆ పాత మోడల్‌ది యాడన్నా దొరికితే తీసుకురాప్పా!" హిందూపురమంతా గాలించి ఒకటి సంపాదించి తీసుకెళ్ళాను.

పడవలో తిప్పన్న డీజిల్ పైపు విప్పాడు, కేక. నట్లు తీశాడు, కేక. పంపు బయటికి లాగి లోపలి కడ్డీ మీద గీతలు చూశాడు. "అయ్యో నాయనో! దీన్ని రంపంతో కోసినారా?" ఒడ్డున నిలబడ్డ కొంగ ఎగిరిపోయింది. పంపు ఎత్తులో తేడా రాకుండా కింద వేసే పల్చటి రేకుల్ని మాత్రం చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా తీసి గుడ్డలో పెట్టుకున్నాడు.

తరువాత డీజిల్ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. నేను చెవులు మూసుకున్నాను. కేక రాలేదు! ఇన్నేళ్ళలో తిప్పన్న మౌనంగా ఉండటం నేను చూడలేదు.

"ఏమక్కా?" అన్నాడు మెల్లగా.

గౌరి ముఖం పాలిపోయింది. "మా నాయన బావి కాడ ఇంజనుకు డీజిల్లో కిరసనాయిలు కలిపేవాడన్నా. శెనక్కాయ చేనంతా అట్లనే తడిపినాడు. ఎక్కువ దినాలు వస్తాదని నేనూ కలిపినా."

అంతలో గట్టు మీద ఓబుళప్ప కనిపించాడు. గౌరి ట్యాంకు మూత మూసేసింది. తిప్పన్న గబుక్కున లేచాడు. పంపు కడగడానికి తెచ్చుకున్న కిరసనాయిలు బేసిన్ పట్టుకున్నాడు, కాలు జారాడు, మొత్తం నెత్తిన పోసుకున్నాడు.

"అయ్యో నాయనో! సంపేసినారు గదప్పా!"

ఓబుళప్ప ముక్కు మూసుకున్నాడు. "ఏమబ్బా, కిరసనాయిలు వాసన గుప్పుమంటాండాది?"

"పంపు కడుక్కునేకి తెచ్చుకుంటినప్పా. అంతా నా మీదే పడె!"

"ఇంజను ఎవురు చెడగొట్టినారో చెప్పు ముందు."

"ఎవురో చెడగొట్టాల్నా? ఇది నీ పెండ్లినాటి పంపు. సూడు దీని మొగం!" అని ఒళ్ళంతా కిరసనాయిలు కారుతుండగానే దగ్గరికి వెళ్ళబోయాడు.

"ఆడనే ఉండు! నా పంచెకు అంటించేవు!" అని ఓబుళప్ప రెండడుగులు వెనక్కేశాడు.

పాత డీజిల్ మొత్తం తీసేసి కొత్తది పోశాడు తిప్పన్న. పాత రేకుల మీదే కొత్త పంపు బిగించి, పైపులో గాలి తీసి హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. చెరువంతా చుట్టొచ్చినా ఆగలేదు, వేడెక్కాక ఆపినా మళ్ళీ స్టార్ట్ అయింది. ఓబుళప్ప చాలాసేపు చూసి, "సరే, గౌరి కాడనే ఉండనీ" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన దూరం పోయాక తిప్పన్న గౌరితో, "అక్కా, పంపుకు డీజిలే జిడ్డు. కిరసనాయిలులో ఆ జిడ్డు లేదు, అరిగిపోతాది. ఇంక కలపాకు" అన్నాడు. గౌరి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నాకైతే ఆయన్ను వాటేసుకోవాలనిపించింది, వాసనకు భయపడి మానుకున్నాను.

దారిలో అడిగాను. "మనుషులు చేసిన తప్పుకు పార్టుల్ని తిడతావేమప్పా?"

"పార్టుకు రోషముండదు గదప్పా" అన్నాడు.

ఇంటికెళ్తే ఆయన భార్య ఉలిగమ్మ గడపలోనే ఆపేసింది. "యాడ పొర్లొచ్చినావు? ఈ వాసనేంది?"

అక్కడ కూడా ఆయన గౌరి మాట ఎత్తలేదు. "ఆ చెరువు నీళ్ళే అట్లుండాయి" అన్నాడు.

పాపం, ఉలిగమ్మ నమ్మేసింది. మర్నాడు గౌరి బుట్టనిండా చేపలు పంపితే, ఆ చెరువు చేపలు ఇంట్లోకి తెస్తే ఊరుకోనని తలుపు వేసుకుంది. బుట్ట మా ఇంటికొచ్చింది. చేపలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.