రైలెక్కిన గత్తం మూట

మా ఇంట్లో రెండు ఆవులున్నాయి. వాటి గత్తం వేసుకోవడానికి మాకు జానెడు నేల లేదు. శృంగవరపుకోట పక్కన ఉన్న పొలాన్ని మా ఆయన పోయాక అబ్బాయి అమ్మేశాడు. వరి పండిన చోట ఇప్పుడు తెల్లరాళ్లు పాతిన ప్లాట్లున్నాయి. కొత్త ఇళ్లవాళ్లు పేడ వాసనని గోల పెడుతుంటే, ఆవుల్ని కూడా అమ్మేద్దామంటాడు వాడు. నేను వినను. పేడను గోతిలో వేసి మాగబెట్టి, గత్తం అయ్యాక ఆరబెట్టి, జల్లించి గోనెకెత్తుతాను. పారెయ్యడానికి మనసొప్పదు. అందుకే ఏటా రెండు మూడుసార్లు ఆ మూటతో అరకు రైలెక్కుతాను. డుంబ్రిగుడ అవతల కొండ మీద నా నేస్తానికి నేల ఉంది, ఆవులు లేవు.

మా నేస్తం ఎలా కుదిరిందో చెప్పాలి. నా చిన్నతనంలో నాట్లు మొదలవగానే మా ఊరి పశువుల్ని కొండకు తోలేవారు. కింద చేలన్నీ నీళ్లతో నిండితే వాటికి మేత ఎక్కడ? కోతలయ్యేదాకా అవి పైనే మేసి, పొద్దుగూకితే వాళ్ల మెట్టల్లో పడుకునేవి. మేత వాళ్లది, గత్తం వాళ్లదే. అలా మా నాన్న వెంట నడిచి వెళ్లిన ఏడాది ఆ ఇంటి పిల్లకూ నాకూ పెద్దలు నేస్తం కట్టారు, బతికినంతకాలం అక్కచెల్లెళ్లలా ఉండమని. నేస్తం కట్టినవాళ్లు ఒకరి పేరు ఒకరు పలకకూడదు. అందుకని ఇక్కడా ఆమె పేరు రాయను.

ఈ మార్గశిరంలో ఆమె ఫోన్ చేసింది. "నేస్తం, రాజ్మా పీకుతన్నాం, బేగి రా. ఈ పంటయ్యాక మావోడు మెట్టంతా నీలగిరి మొక్కలేసేత్తాడంట. నన్ను ఇశాపట్నం అట్టుకుపోతాడంట. మరింక నువ్వెక్కడికొత్తావు?"

ఆమె కొడుకు గాసికి అక్కడ కాపలా పని చూసి పెడతామని ఎవరో చెప్పారట. నేలలో సత్తువ పోయింది, యూరియా ఎంత వేసినా ఏడాదికేడాది పంట తగ్గుతోంది అని అతని వాదన. వానాకాలంలో వెళ్లినప్పుడు అతనితో పోట్లాడి ఒక ఒప్పందానికి వచ్చాం. మెట్టను రెండు ముక్కలు చేశాం. ఒక ముక్కకు అతని పద్ధతిలో ఉత్త యూరియా. ఇంకో ముక్కకు నా పద్ధతి. పంట చూశాక నీలగిరి సంగతి తేలుద్దామన్నాడు. ఆ తేలే రోజు వచ్చిందన్నమాట.

మర్నాడు పొద్దున్నే కోట స్టేషనుకి వెళ్లాను. కిరండూల్ పాసింజరు ఎనిమిది ప్రాంతంలో వస్తుంది. బస్సు కంటే టికెట్టు బాగా చవక, మూటకు చోటూ దొరుకుతుంది. కుడివైపు కిటికీ దొరికితే లోయలు కనిపిస్తాయి. తిండి మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి. నేను పెరుగన్నం, ఉల్లిపాయ కట్టుకున్నాను.

ఎదుటి సీట్లో హైదరాబాదు పిల్లలు చిప్సు పొట్లాలు విప్పారు. వాళ్లలో టోపీ పెట్టుకున్న అమ్మాయి ముక్కు మూసుకుని, "ఆంటీ, ఆ మూటలో ఏముంది?" అంది.

"ఆవుల ఎరువు. మాగినదానికి వాసన ఉండదు. నీకు తగిలేది మీ చిప్సుల వాసన."

పక్కన వేరుశనక్కాయల గంప దించుకున్న ఆడమనిషి పకపకా నవ్వింది. "ఓలమ్మా, అందరూ అరకు నించి కాఫీ గుండ అట్టుకొత్తారు. నువ్వు గత్తం అట్టుకెల్తన్నావేటి!"

"కాయలెంత?"

"పొట్లం ఇరవై."

"గత్తమే నయం," అన్నాను. ఆమె మళ్లీ నవ్వి, ఊరికే నాలుగు కాయలు నా ఒళ్లో పోసింది.

బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలైంది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు. నేను వెలుగు వచ్చినప్పుడల్లా కిందికి చూశాను. పొదల మధ్య ఎర్రటి కాలిబాట ఒకటి అక్కడక్కడ కనబడుతుంది. పశువుల్ని తోలుకెళ్లిన దారి అదేనని నాకు నమ్మకం. ఇప్పుడక్కడ గిట్ట గుర్తు ఒక్కటీ ఉండదు. అయినా ఆ కాస్త దూరం ఒక్కసారి మా ఎర్రావు తోక పట్టుకుని నడవాలని ఎంత ఆశో! కంటికి దొరికిన మరుక్షణం దాన్ని సొరంగం మింగేస్తుంది.

బొర్రాలో సగం పెట్టె ఖాళీ అయింది. పదకొండు దాటాక అరకులో దిగాను. స్టేషను బయట బొంగు చికెన్ ధర విని నా పెరుగన్నం విప్పుకున్నాను. తర్వాత డుంబ్రిగుడకి షేరాటో. దారి పొడుగునా వలిసె చేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఫొటోల కోసం జనం చేలల్లో దిగి నిలబడుతున్నారు.

డుంబ్రిగుడలో గాసి బండి మీద వచ్చాడు. మూటను చూసి తల పట్టుకున్నాడు. "పెద్దమ్మా, మెట్టే ఉండదంటే మళ్లీ గత్తం దేనికి?"

"ఇవాళ ఉంది కదా. ముందు బండెక్కించు."

నేస్తం వాకిట్లోనే ఎదురొచ్చింది. చోడి అంబలి, అదే రాగి జావ, చేతికిచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "సిక్కిపోనావు నేస్తం."

"నువ్వు మాత్రం పదారేళ్ల గుంటలాగున్నావేటి?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గాని ఆమె కళ్లు నవ్వలేదు.

వసారాలో రాజ్మా గింజలు రెండు కుప్పలుగా పోసి ఉన్నాయి. గాసి వాటి మధ్య నిలబడ్డాడు. "ఇది నాది, అది నీది. కుంచంతో కొలిసినాను. తేడా ఏటుందో నువ్వే సెప్పు."

తేడా లేదు. కానీ ఒప్పుకోవడం నా వల్ల కాదు. "నా ముక్కకి యూరియా నువ్వేసినదాంట్లో సగమే వేశాం కదా?"

"అవుననుకో."

"సగంతో అంతే పండింది కదా?"

నేస్తం నా చెయ్యి పట్టుకుని, "రా, నువ్వు సూడాలని ఒక్కో సాలు పీకకుండా ఉంచినాను," అంది. ముగ్గురం మెట్టకు వెళ్లాం.

నా పద్ధతి గొప్పదేమీ కాదు. మాగిన గత్తంలో కొంచెం సూపర్ ఫాస్ఫేట్ కలిపి, తడిపి, ఆకులు కప్పి నెల్లాళ్లు ఉంచాలి. సూపర్‌ని ఉత్తగా చల్లితే ఈ ఎర్రమట్టే దాన్ని పట్టేసుకుంటుంది, మొక్కకు అందనివ్వదు. ఎరువు చాలదు కాబట్టి చేనంతా చల్లకుండా గింజ పెట్టే చోటే గుప్పెడు వేసి మట్టి కలపాలి. యూరియా మాత్రం మొక్క నిలదొక్కుకున్నాక, నేల తడిగా ఉన్నప్పుడు, కాస్త ఎడంగా వేసి మట్టి కప్పాలి. పొయ్యి బూడిదను యూరియాతో కలపకండి. ఘాటుకి ముక్కు మండుతుంది, ఆ ఘాటుతోనే సత్తువ గాల్లోకి పోతుంది.

గాసి తన సాలులో మొక్క పట్టి లాగాడు. కాండం పుటుక్కున విరిగి చేతికొచ్చింది, వేరు లోపలే ఉండిపోయింది. ఇంకొకటి లాగాడు, అదీ అంతే. గునపంతో పొడిస్తే మట్టి పెళ్లలుగా లేచింది. నా సాలులోకి వచ్చి లాగాడు. మొక్క వేళ్లతో సహా వచ్చేసింది. వేళ్లకు పట్టుకున్న మట్టి అతని పాదాల మీద పొడిపొడిగా రాలింది.

నేస్తం ఆ మట్టిని దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. "మీ పసువులు పడుకున్న పొద్దు మెట్ట ఇలాగే ఉండీది," అంది.

గాసి మొక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేల బాగుపడతాదని ఒప్పుకుంటాను పెద్దమ్మా. కానీ నువ్వు తెచ్చిన మూటలు ఈ ముక్కకే సాల్లేదు. అంత మెట్టకి గత్తం ఏదీ? రైల్లో నువ్వెంతని మోత్తావు? నీ తరవాత ఎవులు మోత్తారు?"

అడగవలసిన మాటే అడిగాడు. దారంతా నేను తప్పించుకుంటూ వచ్చిన మాట కూడా అదే. నా ఆవులు గుర్తొచ్చాయి. అవి ఏడాదంతా వేసేదాంట్లో నేను మోయగలిగేది పిసరంత. నల్లావు నేను లేకపోతే పాలు చేపదు. పొద్దున లేవగానే వాటి గంగడోలు నిమరకపోతే నాకు తెల్లారినట్టుండదు.

"ఆవుల్నే పంపుతాను," అన్నాను.

నేస్తం దోసిట్లో మట్టి వదిలేసింది. గాసి, "ఎంతకిత్తావు?" అన్నాడు.

"సిగ్గులేదేటి నీకు? మీ తాతకి మా నాన్న అమ్మాడా? మేత మీది, గత్తం మీది. పాలు పిల్లలకి పొయ్యండి. మెట్టలో నీలగిరి మొక్క ఒక్కటి కనబడిందంటే ఆ రోజే వచ్చి తోలుకుపోతాను. యూరియా మానెయ్యమనట్లేదు. సగం చెయ్యి, ఆ సగానికి గత్తం తోడు పెట్టు."

"మరి నా కాపలా పని?"

"ఆవులకి కాపలా వద్దేటి?" అంది నేస్తం. చాన్నాళ్లకు ఆమె కళ్లు నవ్వడం చూశాను. గాసి గునపం భుజాన వేసుకుని, "ఆవుల శాల కట్టడానికి ఎదురు కొట్టాల," అని గొణుగుతూ వెదురుపొదల వైపు నడిచాడు. అదే అతని జవాబు.

రెండు రోజులుండి తిరుగు పాసింజరు ఎక్కాను. అరకుకి మధ్యాహ్నం దాటాక వస్తుంది, చీకటి పడేసరికి కోటలో దించుతుంది. గోనె అడుగున నేస్తం పోసిన రాజ్మా కాస్త ఉంది. మూట తేలిగ్గా ఉంటే ప్రయాణం ఇంత వెలితిగా ఉంటుందని నాకు తెలీదు. ఆవులు ఇంకో వారంలో వ్యాన్‌లో ఘాట్ రోడ్డు మీదుగా వెళతాయి. నడిపించడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. ఎర్రని కాలిబాట మళ్లీ కనబడింది, మళ్లీ సొరంగం వచ్చింది.

పక్కసీటు ఆవిడ అడిగింది, "అరకులో ఏం చూశారండీ?"

"మా ఆవులు పడుకోబోయే చోటు చూశాను," అన్నాను.

దిగేముందు రాజ్మాను కొంగున మూటగట్టుకుని, గోనెను కిటికీ బయట దులిపి మడతపెట్టాను. ఇక దానితో పనిలేదు. అయినా ఇంటికే తెచ్చాను.