ఆరు ఊచల సాక్ష్యం

దేవునికి స్తోత్రం. నాలాంటి బుద్ధిహీనులకు కూడా ఉద్యోగాలిచ్చే ఆయన కృపకు మరీ స్తోత్రం.

ఆ రోజుల్లో, అంటే రెండువేల దశకం మధ్యలో, నేను రాజమండ్రిలో ఒక డిజైన్ ఆఫీసులో కొత్త ఇంజనీర్ని. ఎక్సెల్ షీటులోంచే పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాసిన కోడు నడపడం నేర్చుకున్నాక నేల మీద నడవడం మానేశాను. బరువు, పొడవు గడుల్లో కొడితే బీములో ఎన్ని ఇనుప ఊచలు వెయ్యాలో పక్క గడిలో ప్రత్యక్షమయ్యేది. (ప్రత్యక్షత అనే మాట అప్పట్లో దానికే వాడేవాణ్ణి, దేవుడు క్షమించాడనే నమ్ముతున్నాను.) కడియం దగ్గర మా సంఘం మందిరానికి గ్యాలరీ కడుతూ, బీము లెక్క నాకప్పగించారు. నా షీటు నాలుగు ఊచలంది. మేస్త్రీ బాబాయి కాగితం అటూ ఇటూ తిప్పి, "ఆరు పడాలండి బాబూ. పైన పిల్లలు గంతులేస్తారు" అన్నాడు.

"ఇది కంప్యూటరు చెప్పింది బాబాయ్."

"అదేనండి, అది గ్యాలరీ ఎక్కదు కదా!"

నాకు పౌరుషం వచ్చింది. ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, ప్రభువు నాకిచ్చిన జ్ఞానం గురించీ, మిగలబోయే రెండు ఊచల గురించీ పావుగంట చెప్పి ప్రింటు పైకెత్తాను. పాస్టరుగారు దాని మీద చెయ్యుంచి ప్రార్థించారు. సంఘమంతా ఆమెన్ అంది. బుధవారం కాంక్రీటు.

మంగళవారం, మేస్త్రీ నోరు పూర్తిగా మూయించాలని, అదే లెక్క కోడు లేకుండా ఉత్త గడుల్లో వేశాను. ఆరు! భద్రత కోసం బరువును ఒకటిన్నర రెట్లు చెయ్యాలి కాబట్టి, రెండు చోట్లా మూడు బై రెండు అని రాశాను. గడి ఒకటిన్నర అంది. అప్పటి పైథాన్ పూర్ణసంఖ్యలను భాగించి మిగిలింది పారేసేది, ఒకటి అంది. ఆ పారేసిన అర మీదే పిల్లలు గంతులెయ్యాలి. వెంటనే బస్సెక్కాను. గుట్టుగా కాగితం మార్చేద్దామంటే పాస్టరుగారు ఒప్పుకోలేదు. "అందరి ముందూ చెప్పావు కదయ్యా, అందరి ముందే దిద్దుకో." ఆ సాయంత్రం కూడికలో లేచి, "నా లెక్క తప్పండి" అన్నాను. చాప మీంచి ఓ మామ్మ తలెత్తి, "మేం ఆమెన్ అన్నది నీ లెక్కకేంటి నాయనా? ఇహ కూర్చుంటావని!" అంది.

మర్నాడు తెల్లారే ఊచలు కట్టించడానికి పరిగెత్తితే, బీములో అప్పటికే ఆరు ఉన్నాయి.

"ఎప్పుడు కట్టావు బాబాయ్?"

"సోమవారమేనండి. ప్రార్థన చేసిన కాగితం కదా, ఎదురు చెప్పడమెందుకని..."

తర్వాత పైథాన్ తన అలవాటు మార్చుకుంది. నా సంగతే ఇంకా సాగుతోంది. ప్రింటు పైకెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, అంత గట్టి నమ్మకం ఇప్పుడు లేదే అని కాస్త బెంగా వేస్తుంది. మేస్త్రీ మాట వినే చెవి నాకిమ్మని మీరూ నాతో కలిసి ప్రార్థించండి. ఆమెన్ మాత్రం లెక్క చూశాకే అనండి.